విచారణలో (పారిష్‌లో) ప్రవర్తనా నియమావళి మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

పదకొండేళ్లుగా ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు సత్యోపదేశం (క్యాటకిజం) చెబుతున్నానని, ఈ ఏడాది మేత్రాసనం (డయోసిస్) నుంచి వచ్చిన ప్రవర్తనా నియమావళి మీద సంతకం చేయమని విచారణ గురువులు అడిగారని, అది చదివాక ఇన్నాళ్ల సేవకు ఇదా ఫలితం అని మనసు నొచ్చుకుందని మీరు రాశారు. మూడు ప్రశ్నలు కూడా వేశారు. ఈ నియమాలు ఫాదర్‌గారికి కూడా వర్తిస్తాయా? ఎవరైనా బిడ్డ వచ్చి తన బాధ చెప్పుకుంటే ఆ సంగతి ఫాదర్‌గారి చెవిన వేస్తే సరిపోతుందా? ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం పెట్టవచ్చా? నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. పనిచేసే చోట స్త్రీలపై వేధింపుల ఫిర్యాదుల దర్యాప్తుకు ఏర్పాటయ్యే అంతర్గత కమిటీలలో బయటి సభ్యురాలిగా చాలా ఏళ్లు పనిచేశాను. ఉపదేశులకు, హాస్టల్ వార్డెన్లకు, యువత నాయకులకు ఈ నియమాల మీద శిక్షణ కూడా ఇస్తూ వచ్చాను. ఆ అనుభవంతో వీలైనంత వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ నొప్పి నాకు అర్థమవుతోంది, ఎందుకంటే శిక్షణకు వచ్చేవారిలో ఎక్కువమంది మొదట ఇదే మాట అంటారు. అలాంటప్పుడు నేను వారికి ఒక తల్లి సంగతి చెబుతాను. ఆమె కొడుకు పీఠం దగ్గర సేవ చేసే పిల్లల్లో ఒకడు. పూజ అయ్యాక సామాన్లు సర్దే నెపంతో ఒక పెద్దమనిషి ఆ బాబును ప్రతి వారం సక్రిస్టీలో, అంటే గుడిలో పూజ సామాన్లు ఉంచే గదిలో, ఉంచి తలుపు దగ్గరగా వేసేవాడు, అప్పుడప్పుడు కొత్త చొక్కా, సెల్‌ఫోన్ రీచార్జి వంటివి ఇచ్చేవాడు. ఆ తల్లికి మనసులో కీడు తోచింది, కానీ ఏమని చెప్పగలదు? చెడు చేస్తున్నాడని అనడానికి ఆమె కళ్లారా ఏమీ చూడలేదు. ఏమీ లేదని సరిపెట్టుకుందామంటే రాత్రి నిద్ర పట్టడం లేదు. ఆ విచారణలో రాసిపెట్టిన నియమం ఒక్కటి కూడా లేదు కాబట్టి, ఒక మనిషి మీద ఘోరమైన నేరం మోపడమో, నోరు మూసుకోవడమో తప్ప ఆమెకు మూడో దారి లేకపోయింది. ఆమె చాలాకాలం నోరు మూసుకుంది. ఆ తర్వాత జరిగినది ఇక్కడ రాయను.

అదే విచారణలో ‘పెద్దవారెవరూ తలుపు మూసిన గదిలో ఒక్క బిడ్డతో ఒంటరిగా ఉండరాదు’ అనే ఒక్క వాక్యం గోడ మీద అతికించి ఉంటే, ఆమె ఎవరినీ దోషి అనకుండానే, నియమం పాటించడం లేదని మొదటి వారమే చెప్పగలిగేది. నియమావళి చేసే అసలు పని ఇదేనని నా నమ్మకం. అది బలహీనుల నోటికి ఒక మాట అందిస్తుంది. మీ సంతకం మీ మంచితనానికి పెట్టే పరీక్ష అనుకోకండి. మీ తరగతిలో కూర్చునే బిడ్డకు, ఆ బిడ్డ తల్లికి, అవసరమైన రోజున మిమ్మల్ని కూడా ప్రశ్నించే హక్కు ఉందని మీరు ముందుగానే ఒప్పుకుంటున్నారు.

ఇటువంటి నియమావళులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే మీ సందేహం కొంత తగ్గుతుంది. 2002 జనవరిలో అమెరికాలోని బోస్టన్‌లో, పిల్లలపై గురువుల లైంగిక అకృత్యాలు, వాటిని ఏళ్ల తరబడి కప్పిపుచ్చిన తీరు పత్రికల్లో బయటపడ్డాక, ఆ ఏడాది జూన్‌లో డల్లాస్ నగరంలో సమావేశమైన అమెరికా మేత్రాణులు (బిషప్పులు) బాలల రక్షణ కోసం ఒక శాసనపత్రం ఆమోదించారు. దాని ఆరవ అధికరణం ప్రకారం, గురువులకే కాక పిల్లలతో తరచూ మెలిగే జీతగాళ్లకు, స్వచ్ఛంద సేవకులకు కూడా స్పష్టమైన ప్రవర్తనా ప్రమాణాలు ప్రతి మేత్రాసనంలోనూ ఉండాలి, వాటిని అందరికీ తెలిసేలా ప్రకటించాలి. 2004లో జాన్ జే కళాశాల వెలువరించిన అధ్యయనం 1950 నుంచి 2002 వరకు అక్కడ 4,392 మంది గురువుల మీద ఆరోపణలు వచ్చాయని, 10,667 మంది బాధితులుగా ముందుకొచ్చారని లెక్కతేల్చింది. అమెరికా విచారణలలో పనిచేస్తున్న మన తెలుగు గురువులైనా, అక్కడ పిల్లలకు క్యాటకిజం చెప్పే మన తెలుగు కుటుంబాలవారైనా పూర్వచరిత్ర తనిఖీకి ఒప్పుకొని, రక్షణ శిక్షణ పూర్తిచేశాకే తరగతి గదిలో అడుగుపెడతారు. అక్కడ దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు.

విశ్వ శ్రీసభ (కతోలిక సంఘం) స్థాయిలో ముఖ్యమైన మలుపు 2019లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు ప్రపంచంలోని మేత్రాణుల సమాఖ్యల అధ్యక్షులను వాటికన్‌కు పిలిపించి ఫ్రాన్సిస్ పాపుగారు ఈ విషయం మీదే సమావేశం జరిపారు. తర్వాత మే నెలలో ‘వోస్ ఎస్తిస్ లూక్స్ ముంది’ అనే శాసనం వెలువరించారు. మీరు లోకమునకు వెలుగై ఉన్నారన్న మత్తయి సువార్త వాక్యమే ఆ పేరు. ప్రయోగాత్మకంగా అమలైన ఆ శాసనాన్ని 2023లో స్థిరపరిచారు. గురువులు, మఠవాసులు ఇటువంటి నేరం గురించి తెలిసిన వెంటనే సంబంధిత మేత్రాణులకు తెలియజేసి తీరాలని, ప్రజలు సులువుగా చేరుకోగల కార్యాలయం ప్రతి మేత్రాసనంలో ఉండాలని, ఫిర్యాదు చేసినవారి మీద కక్ష సాధించరాదని, మౌనంగా ఉండమని వారిని కట్టడి చేయరాదని అందులో ఉంది. ఈ చివరి అంశాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. శ్రీసభ పరువు కోసం ఈ సంగతి బయట చెప్పవద్దని మీతో ఎవరైనా అంటే, వారు శ్రీసభ చట్టానికే విరుద్ధంగా మాట్లాడుతున్నారు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఫాదర్‌గారికి ఈ నియమాలు వర్తించడమే కాదు, అందరికంటే ఎక్కువగా వర్తిస్తాయి. 1983 నాటి కానన్ చట్టంలోనే (శ్రీసభ చట్టం ఇది, అందులోని ఒక్కో నిబంధనను కానన్ అంటారు), ఇప్పటి నియమావళులు పుట్టకముందే, గురువుల నడవడి గురించి వివరంగా రాశారు. తమ బ్రహ్మచర్యానికి ముప్పు తెచ్చే, లేదా విశ్వాసులు తప్పుగా తలచే సాంగత్యాల విషయంలో వివేకంతో మెలగాలని 277వ కానన్ చెబుతుంది. నిరాడంబరంగా బతకాలని 282వ కానన్, వ్యాపారం చేయరాదని 286వ కానన్, రాజకీయ పార్టీలలో చురుకైన పాత్ర తీసుకోరాదని 287వ కానన్ అంటాయి. మన ఊళ్లలో చాలామందికి తెలియని సంగతి 285వ కానన్ నాలుగో పేరాలో ఉంది: మేత్రాణులను సంప్రదించకుండా గురువు ఎవరి అప్పుకూ పూచీ ఉండకూడదు, స్పష్టమైన కారణం లేకుండా డబ్బు చెల్లిస్తానని ప్రోనోటు మీద సంతకం చేయకూడదు. చీటీల మీద, చేబదుళ్ల మీద నడిచే పల్లెల్లో ఈ ఒక్క నియమాన్ని పాటించి ఉంటే ఎన్ని విచారణలలో ఎన్ని తగాదాలు పుట్టకుండా పోయేవో నాకు తెలుసు. ఆదిలాబాద్ వంటి సీరో మలబార్ (తూర్పు ఆచారం పాటించే కతోలిక శాఖ) మేత్రాసనాలకు 1990 నాటి తూర్పు శ్రీసభల చట్టం వేరుగా ఉంది కాబట్టి అక్కడివారు ఈ సంఖ్యలను యథాతథంగా వెతకవద్దు.

గురువులకు ఎక్కువగా వర్తించాలని నేనడానికి కారణం చట్టంలో కంటే మన ఊళ్లలోనే బాగా కనిపిస్తుంది. మన పల్లె విచారణలో ఫాదర్‌గారంటే పూజ చెప్పే గురువు మాత్రమే కాదు. బడిలో సీటు, హాస్టల్‌లో చోటు, ఫీజు తగ్గింపు, జ్ఞానస్నాన ధ్రువపత్రం, కొన్నిచోట్ల టీచరు ఉద్యోగం కూడా ఆయన మాట మీద ఆధారపడి ఉంటాయి. తెలుగు నేల మీద కతోలిక విశ్వాసులలో దళిత కుటుంబాలవారు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నారు. కులవివక్షను ఎదుర్కోవడానికి భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించవలసి వచ్చిందంటే, ఆ వివక్ష గుడి లోపల కూడా ఉందని అర్థం. కూలి చేసుకునే తల్లి, కూతురి హాస్టల్ సీటు కోసం ఫాదర్‌గారి ఎదుట నిలబడినప్పుడు, వారిద్దరి మధ్య ఉన్న ఎత్తుపల్లం ఆమెకు తెలిసినంతగా ఆయనకు తెలియకపోవచ్చు. నియమావళి ఆ ఎత్తుపల్లాన్ని ఆయనకు గుర్తుచేయాలి. అందుకే ఎదుటివారు కాదనలేదు కదా, ఒప్పుకున్నారు కదా అనే సమర్థన ఇక్కడ చెల్లదు. 2021 డిసెంబర్ 8 నుంచి అమలులోకి వచ్చిన సవరించిన శిక్షాస్మృతిలో, బలవంతంతో గానీ బెదిరింపుతో గానీ తన అధికారాన్ని దుర్వినియోగం చేసి గానీ ఎవరితోనైనా లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడిన గురువుకు శిక్ష విధించాలని 1395వ కానన్ చెబుతోంది. బాధితులు పెద్దవారైనా ఇది వర్తిస్తుంది. కాన్వెంటులలో ఉండే మఠకన్యలకు, పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయినులకు ఈ మార్పు ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

మీలాంటి స్వచ్ఛంద సేవకులూ చట్టానికి బయట లేరు. అదే సవరణలో 1398వ కానన్, పిల్లలపై నేరాల విషయంలో, శ్రీసభలో ఏదైనా బాధ్యత నిర్వహించే సామాన్య విశ్వాసులను కూడా శిక్షార్హులుగా చేర్చింది. దేశ చట్టం వైపు చూస్తే, పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారిని కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట స్త్రీ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి, అందులో సగం మందికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న చోటైతే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు చేయాలని గడువు ఉంది. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. గాయక బృందంలో పాడే అమ్మాయికి, గుడి ఊడ్చే అమ్మకు కూడా ఈ రక్షణ ఉందని మీ విచారణలో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

రోజువారీ నడవడి విషయానికి వస్తే, మీకు వచ్చిన పత్రంలోని నియమాలు బహుశా ఊళ్లోని మన జీవితానికి కొంచెం దూరంగా అనిపించి ఉంటాయి. వాటిని మన పరిస్థితులకు అన్వయించుకోవాలి. డిసెంబర్ రాత్రుల్లో క్యారల్స్ కోసం ఇంటింటికీ తిరిగేటప్పుడు పిల్లల పేర్ల జాబితా ఒకటి ఉండాలి, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అమ్మాయిలు ఉంటే వెంట ఆడవారు తప్పకుండా ఉండాలి, చివరి ఇల్లు అయ్యాక ఎవరి బిడ్డను ఎవరు ఇంటికి చేర్చారో రాసుకోవాలి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల మాత ఉత్సవాలకు పిల్లలను తీసుకెళ్లినప్పుడు, రాత్రి బసలో పెద్దవారు, పిల్లలు ఒకే గదిలో పడుకోకుండా చూడాలి. చోటు లేక అందరూ హాలులోనే పడుకోవలసి వస్తే, కనీసం ఇద్దరు పెద్దవారు వంతులవారీగా మేలుకొని ఉండాలి. ఒక్క బిడ్డను బైకు మీద ఎక్కించుకొని ఒంటరిగా తీసుకెళ్లడం మన దగ్గర చాలా మామూలు. దాన్ని మానుకోవడం కష్టమని తెలిసినా, మానుకోవాలనే నేను చెబుతాను. పిల్లలతో వాట్సాప్ మాటలు తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే సాగాలి. రాత్రి తొమ్మిదింటికి ఒక బిడ్డకు విడిగా పంపిన ‘ఎలా ఉన్నావు’ అన్న పలకరింపులో చెడు లేకపోవచ్చు, కానీ చెడు ఉద్దేశం ఉన్న మనిషి మొదటి సందేశం కూడా అలాగే ఉంటుందని మరవకండి. ఒకరికి మాత్రమే రహస్యంగా కానుక ఇవ్వడం, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి అనడం ఎంత చిన్న విషయంలోనైనా కూడదు.

బెత్తం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఇంకా చాలామంది క్రమశిక్షణ అనుకుంటున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. జపం అప్పగించలేదని బిడ్డ చెవి మెలిపెట్టడం, తోటివారి ముందు కులం పేరుతోనో తండ్రి తాగుడు పేరుతోనో కించపరచడం కూడా నియమావళిని మీరడమే. దెబ్బకు భయపడి నేర్చుకున్న జపంలో దేవునితో మాట ఉండదు.

రెండో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. బిడ్డ చెప్పినది ఫాదర్‌గారి చెవిన వేస్తే సరిపోదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా, ఆ సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ స్థానిక పోలీసులకు గానీ బాలల ప్రత్యేక పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. తన కింద పనిచేసే వ్యక్తి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు జైలు, దానితోపాటు జరిమానా ఉంటాయి. ఈ బాధ్యత వ్యక్తిగతంగా మీ మీద ఉంది. పైవారికి చెప్పానన్న మాట మిమ్మల్ని అందులోంచి తప్పించదు. సద్భావంతో సమాచారం ఇచ్చినవారికి ఆ కారణంగా ఏ కేసూ రాకుండా అదే 19వ సెక్షన్ కాపాడుతుంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లడానికి జంకుగా ఉంటే పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. సంఘ పెద్దలు కూర్చుని డబ్బు ఇప్పించి రాజీ కుదిర్చినంత మాత్రాన నేరం పోదు. అటువంటి రాజీ తర్వాత ఊరు విడిచి వెళ్లవలసి వచ్చిన బాధిత కుటుంబాన్ని నేను చూశాను. తప్పు చేసిన వ్యక్తి మాత్రం అదే ఊళ్లో, అదే గుడిలో ముందు వరుసలో కూర్చునేవాడు.

బిడ్డ మాట్లాడుతున్నప్పుడు మీరు చేయవలసింది తక్కువే. మధ్యలో ఆపకుండా వినండి. నువ్వు చెప్పడం మంచిదైంది, ఇందులో నీ తప్పు లేదు అని చెప్పండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి, ఎందుకంటే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోకూడదు కూడా. గుచ్చి గుచ్చి అడగకండి, ఆ పని శిక్షణ పొందినవారిది. బిడ్డ వాడిన మాటలనే, తేదీ, సమయం వేసి, అదే రోజు రాసుకోండి. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి దగ్గరికి వెళ్లి నిలదీయకండి. పోలీసులకు చెప్పాక మేత్రాసనంలోని రక్షణ కార్యాలయానికి తెలియజేయండి. ఆరోపణ మేత్రాణుల మీదే ఉంటే, హైదరాబాద్‌లో గానీ విశాఖపట్నంలో గానీ ఉన్న అగ్రపీఠాధిపతికి (ఆర్చిబిషప్‌కు), లేదా న్యూఢిల్లీలోని పాపుగారి రాయబారికి నేరుగా రాయవచ్చు. బిడ్డ పేరు, ఊరు, బడి ఎక్కడా బయటపడకూడదు. ప్రార్థన కూటమిలో ఆ బిడ్డ కోసం పేరు పెట్టి ప్రార్థించడం కూడా బయటపెట్టడమే అవుతుంది.

పాపసంకీర్తనలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదన్న రహస్య ముద్ర ఇక్కడ అడ్డు రాదా అని తరచూ అడుగుతారు. ఆ ముద్ర గురువును కట్టివేస్తుందని 983వ కానన్ చెబుతుంది, దాన్ని నేరుగా భంగపరిచిన గురువు వెలివేతకు గురవుతాడు. పోక్సో చట్టంలో దీనికి ప్రత్యేకమైన మినహాయింపు కనిపించదు కాబట్టి గురువులకు ఇది నిజంగా బరువైన ప్రశ్నే. నేను గౌరవించే గురువులు పాటించే పద్ధతి ఒకటుంది: బిడ్డ సంకీర్తనంలో చెప్పినప్పుడు, ఇదే మాటను బయట నాతోనో నువ్వు నమ్మే మరొకరితోనో చెప్పమ్మా అని ప్రేమతో ప్రోత్సహిస్తారు, బయట చెప్పిన వెంటనే చర్య తీసుకుంటారు. మీ తరగతిలో, గుడి మెట్ల మీద, ఫోన్‌లో మీరు విన్న మాటకు మాత్రం ఏ ముద్రా లేదు.

ఆరోపణ ఎదుర్కొనేవారి హక్కులను కూడా నేను పక్కన పెట్టను. మంచి పేరుకు ప్రతి ఒక్కరికీ హక్కు ఉందని 220వ కానన్, రుజువయ్యేదాకా నిర్దోషిగానే భావించాలని 1321వ కానన్ చెబుతున్నాయి. దర్యాప్తు జరుగుతున్నంత కాలం ఆ వ్యక్తిని పిల్లల దగ్గరి పని నుంచి తప్పించడం శిక్ష కింద లెక్క కాదు, ముందుజాగ్రత్త మాత్రమే. మనవారికి బాగా అలవాటైన పని మరొకటి ఉంది, అది ఆ వ్యక్తిని నిశ్శబ్దంగా మరో విచారణకు బదిలీ చేయడం. బోస్టన్‌లో అంత ఘోరం జరగడానికి ఆ బదిలీలే ముఖ్య కారణం. అందువల్ల నిర్దోషికి తన పేరు తేటపరచుకునే అవకాశం దొరకదు, దోషికి కొత్త పిల్లలు దొరుకుతారు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను, మీరు అడగలేదు గానీ మీ పత్రంలో ఆ భాగం తప్పక ఉంటుంది. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలని 537వ కానన్, ఏ పనికి ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వ కానన్ చెబుతాయి. హుండీని ఒక్కరే ఒంటరిగా లెక్కించడం, పండుగ చందాను సొంత ఖాతాలోకి ఫోన్ ద్వారా వేయించుకోవడం ఎంత నిజాయతీపరులు చేసినా సరికాదు. ఒక కుటుంబం బలిపూజ ఉద్దేశానికి కానుక ఇవ్వలేకపోతే ఆ కారణంగా వారికి పూజ నిరాకరించరాదు.

ఇంగ్లీషు కాగితం గురించి మీరడిగినది చాలా న్యాయమైన ప్రశ్న. అర్థం కాని పత్రం మీద పెట్టిన సంతకం బిడ్డను కాపాడదు, రేపు ఏదైనా జరిగితే కార్యాలయం తనను తాను కాపాడుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. కాబట్టి సంతకం పెట్టనని అనకండి, తెలుగు ప్రతి ఇచ్చాక పెడతానని వినయంగా రాసి ఇవ్వండి. ఆ తెలుగు ప్రతిలో నాలుగు సంగతులు ఉన్నాయో లేదో చూడండి: ఫిర్యాదు తీసుకునేవారి పేరూ ఫోన్ నంబరూ ఉండటం, వారిలో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండటం, ముందుగా పోలీసులకు చెప్పాలన్న మాట స్పష్టంగా ఉండటం, గురువులు కూడా ఇదే పత్రం మీద సంతకం చేసి ఉండటం. ఏదైనా లేకపోతే విచారణ మండలిలో అడగండి. తర్వాత ఒక ఆదివారం పూజ చివర ఆ పత్రాన్ని బిగ్గరగా చదివించి, ఫాదర్‌గారు మొదట, ఆ తర్వాత మీరంతా పీఠం ముందు అందరూ చూస్తుండగా సంతకం చేసేలా ఏర్పాటు చేయమని కోరండి. ఒక ప్రతిని గుడి గుమ్మం పక్కన, పదేళ్ల బిడ్డ నిలబడి చదువుకోగల ఎత్తులో అతికించమనండి.